ఎనిమిది కొమ్ముల వైఫై పెట్టె

మైకు బాబాయ్ కొట్టుకి టీ తాగడానికి రాడండీ, చెప్పడానికి వస్తాడు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు గానీ ఆ గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఆయన బెంచీ మీద కూర్చున్నాడంటే టీ కొట్టు అక్క రేడియో కట్టేస్తుంది, లెక్కల మాస్టారు పేపరు మడిచేస్తాడు.

ఆ సాయంత్రం మాత్రం ఆయన కోసం కావాలనే కాచుకుని కూర్చున్నవాడు ఒకడున్నాడు, బాబాయ్ ఎదురింటి టైలరు. పాపం అతనికొచ్చిన కష్టం అలాంటిది. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటినిండా జనం, అందరి చేతుల్లోనూ ఫోన్లు. వాటన్నిటికీ కలిపి ఉన్నది ఒక్క పాత వైఫై పెట్టె. పెద్ద కూతురికి రేపు పొద్దున వీడియోలో ఉద్యోగం ఇంటర్వ్యూ. కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన పిలుపు! తీరా చూస్తే వారం రోజులుగా ఆ పిల్ల ఎవరితో మాట్లాడబోయినా తెర మీద బొమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోతోంది. నిన్న పిల్ల ఏడ్చేసింది కూడా. మైకు బాబాయ్ ఈమధ్యే కొత్త పెట్టె కొన్నాడని విని, టైలరు సలహా అడుగుదామని వచ్చాడు.

"బాబాయ్, ఇంటినిండా జనం ఉంటే ఏ వైఫై పెట్టె కొనుక్కోవాలి?" అన్నాడు. అంతే.

"అడగాల్సిన మనిషినే అడిగావు. నేనేదో పొడిచేశానని కాదులే, షాపుకెళ్లా, అతను రెండు కొమ్ములది చూపించాడు, నాలుగు కొమ్ములది చూపించాడు, నేను ఒక్కటే అడిగా, అయ్యా, రెండు తలుపుల బస్సులో ఊరి జనమంతా ఎప్పటికి ఎక్కాలి, ఎప్పటికి దిగాలి? అంతే! లోపల్నించి ఓనరు పరుగెత్తుకొచ్చి, మీలాంటివాళ్లు వస్తారనే దాచానండీ అని ఎనిమిది కొమ్ములది తీశాడు."

"ఎనిమిదే!" టైలరు గ్లాసు కింద పెట్టేశాడు.

"కొమ్ములకే బెదిరిపోతే ఎలా, వేగం విను. ఇంటికి తెచ్చి స్విచ్చి వేశానా, మా మనవడు బొమ్మల సినిమా పెట్టాడు, పెట్టాడో లేదో అయిపోయింది! నవ్వడానికి టైమేదీ? అన్నం తిన్నాక తీరిగ్గా కూర్చుని నవ్వుకున్నాడు వెధవ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"మీ పిన్ని వాళ్లక్కకి వీడియో కాల్ చేసింది. అక్కడ వాన. ఇక్కడ మా సోఫా తడిసింది."

"అమ్మో!" అంది అక్క. పాలు పొంగుతున్న సంగతి కూడా చూసుకోలేదు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మరి అవతల వాన తగ్గిందా?"

"తగ్గదా మరి? సగం మా ఇంట్లోనే కురిసిపోయె! అయినా అదంతా నేల మీది సంగతి మాస్టారూ. మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తున్నానా, పైన విమానం పోతూ పోతూ ఆగింది."

"గాల్లో విమానం ఆగుతుందా?"

"ఆగక ఛస్తుందా? లోపలున్న జనానికి మా సిగ్నలు అందింది. కదిలితే ఎక్కడ పోతుందోనని ఒక్కడూ కదలనివ్వడే! చివరికి నేనే జాలిపడి, రైట్, రైట్ అని గట్టిగా ఓ కేక వేస్తే గానీ బయల్దేరలేదు."

బాబాయ్ కోతలు టైలరుకి తెలియనివా? చిన్నప్పట్నించీ వింటున్నవే. కానీ అవసరంలో ఉన్నవాడికి అబద్ధం కూడా ధైర్యం చెబుతుంది. అందుకే నోరు వెళ్లబెట్టి వింటున్నాడు.

ఆ నోరు చూసి బాబాయ్‌కి ఇంకా ఊపొచ్చింది. "అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు, మీరు కాబట్టి చెబుతున్నా. వేగం మరీ ఎక్కువైపోయి, నిన్నటినుంచి మా టీవీలో రేపటి వార్తలొస్తున్నాయి!"

టైలరు బెంచీ అంచుకి జరిగాడు. "బాబాయ్... అయితే రేపు మా అమ్మాయి ఇంటర్వ్యూ..."

ఆ ప్రశ్నకి మైకు బాబాయ్ ఓసారి కండువా సర్దుకున్నాడు. కానీ ఎక్కిన బస్సు మధ్యలో దిగే అలవాటు ఆయనకి లేదు. "వచ్చింది! ఉద్యోగం వచ్చేసింది. తెర కింద పరిగెత్తే అక్షరాల్లో నా కళ్లారా చూశా!"

టైలరు కళ్లు చెమ్మగిల్లాయి. గబుక్కున లేచాడు. "ఇప్పుడే వెళ్లి అదే తెచ్చేస్తా. ఒక్కమాట చెప్పండి, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మీరెక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటి? అంతటి వస్తువుని బయట పెడతారా ఎవరైనా? దుమ్ము, దొంగలు, మనవళ్ల చేతులు! మొదటిరోజే ఇనప బీరువాకి వెనక చిల్లు పొడిపించి, వైర్లు లోపలికి లాగి, కొత్త దుప్పట్ల మధ్య పడుకోబెట్టి తాళం వేసేశా."

మాస్టారుకి టీ పొలమారింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టైలరు మాత్రం నవ్వలేదు.

"తాళం వేసి ఎన్నాళ్లైంది బాబాయ్?"

"వారం."

"వారమా! ఇనప బీరువాలోంచి సిగ్నలు బయటికొస్తుందా? వారం నుంచే కదూ పిన్ని మా కొట్లో కూర్చుంటోంది? కొలతలిస్తానని వచ్చిన మనిషి సాయంత్రం దాకా లేవదే! మీ అబ్బాయి మా ఇస్త్రీ బల్ల మీద ఆఫీసే తెరిచాడు. మీ మనవలు గుడ్డపీలికల మీద పడుకుని సినిమాల మీద సినిమాలు! పిన్ని పాస్‌వర్డ్ అడిగితే మా ఆవిడ కాదనలేక ఇచ్చింది. నేనేమో మా మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నా!"

"అదికాదురా అబ్బాయ్... మా కోడలైతే మీ గోడ పక్కనుంచే..."

"కోడలు కూడానా!" టైలరు గుండెలు బాదుకున్నాడు. "బొమ్మ ఆగిపోతుంటే తప్పంతా తనదే అనుకుని మా పిల్ల కుళ్లి కుళ్లి ఏడ్చింది బాబాయ్!"

మైకు బాబాయ్ ఉండగా టీ కొట్లో పాలు మరుగుతున్న చప్పుడు వినపడటం అదే మొదటిసారి.

"మీ ఎనిమిది కొమ్ములది నాకొద్దు," అన్నాడు టైలరు. "మా డొక్కు పెట్టె వారం నుంచి రెండు సంసారాలు మోస్తోంది, దాన్ని మించింది ఏ షాపులో దొరుకుతుంది? రేపొక్కపూట మీవాళ్లని మీ ఇంట్లో ఉంచుకోండి బాబాయ్, మా పిల్ల గట్టెక్కుతుంది."