తెల్లదోమ

చౌడేపల్లె దగ్గర టమేటా తోటలో తండ్రి ఆకులు ముడత పడిన చెట్లను పీకుతున్నాడు. కూతురు బస్సు దిగి వచ్చి, గట్టు మీద బ్యాగు దించింది.

“పురుగేమీ కనపడలేదే నాయనా. యాల పీకతాండావు?”

“పురుగైతే బాగుండుమ్మా. కొరికితే చెట్టుకు తెలుస్తాది, ఆకుల్ని చేదు చేసుకుంటాది. ఇది తెల్లదోమ. ఆకు అడుగున కూర్చొని మెల్లగా రసం పీలుస్తా ముడత తెగులు అంటిస్తాది. చెట్టు గమ్మునుంటాది.”

ఆమె ఒక ఆకును తిప్పి చూసింది. తండ్రి గట్టు మీది బ్యాగు వైపు చూశాడు.

“అల్లుడు కొట్టినాడా?”

“ఒక్క దెబ్బా కొట్టలేదు. కొట్టింటే ఆ పొద్దే వచ్చేసుంటాను.”

“మరి?”

“దినామూ ఒక మాట. నవ్వుతానే అంటాడు. నేనూ గమ్మునే ఉంటి.”

తండ్రి ఇంకో చెట్టును పట్టి లాగాడు.

“ముడత పడినాక చెట్టు మళ్లీ కాయదా నాయనా?”

వేళ్లతో సహా ఊడివచ్చిన చెట్టును పారేయలేక, ఆయన అట్లే పట్టుకుని నిలబడ్డాడు.