మస్కట్ పార్సల్ల ట్యూబులు

కోరుట్ల బస్టాండు ఎదురుంగ మందుల షాపు నడిపేటాయన ముంగట, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి అచ్చిన ఒకామె పిండి పిండి సొట్టలు వడ్డ ఖాళీ ట్యూబు పెట్టింది.

“అన్నా, గిసుంటియి పది ఇయ్యి. మా వాడకట్టు దివాకర్ రేపు మస్కట్ పోతుండు. మామిడికాయ తొక్కు డబ్బతోని పాటు మా ఆయనకు పంపుత.”

“పదా? ఇంకా తగ్గలేదా చెల్లె, గా తామర?”

“పూసినన్ని దినాలు తగ్గుతది. ఆపితె ఇంకింత ఎక్కువైతది. ఇప్పుడు రూముల ఎనిమిది మందికి అంటిందట. అందరు నీ ట్యూబే కావాల్నంటున్నరు.”

ఎనిమిది మంది అనంగనే, అల్మార దిక్కు పోయిన ఆయన చెయ్యి ఆగింది.

“డాక్టర్ చీటి ఉన్నదా?”

“రెండేండ్ల సంది ఎన్నడన్న అడిగినవా?”

“గిది వద్దు చెల్లె. దీంట్ల స్టెరాయిడ్ కలిసుంటది. దురద అణుగుతది గని తామర పాకుతనే ఉంటది. గిట్లనే పూసుకుంట పోతె రేపు అసలు మందు గూడ పనిజెయ్యది. అక్కడ్నే డాక్టరుకు సూపించుకొమ్మను.”

ఆమె కొంగు మెడ సుట్టు గట్టిగ కప్పుకున్నది.

“ఆయన సెలవుకు అచ్చి పోయినంక నాకు గూడ అంటింది. నేను గూడ గదే పూసుకుంటున్న. సంటిపిల్లకు గూడ పూసిన.”

ఆయన తల దించుకున్నడు.

“గీ మందు సంగతి నీకెప్పుడు ఎర్కైంది అన్నా?”

“మొదటి సంది ఎర్కే. చీటి లేకుంట అమ్మొద్దని ట్యూబు మీద్నే రాసుంటది.”

ఆమె ఖాళీ ట్యూబును అటిటు తిప్పి సూసింది.

“నాకు సదువు రాదన్నా. నువ్వు సదివినవ్ గద.”