చొక్కా జేబులో చీటీ

హలో… ఆ, నేనే. షౌకీని, వదినా. పెట్టెయ్యకండి, అల్లా మీద ఆన, ఒక్క నిమిషం—

…తిట్టండి. …ఊఁ. …తిట్టండి వదినా, మీ చెల్లెలి తరఫున మీరు కాక ఎవరు తిడతారు?

…చూశాను. మీరు పంపిన రిపోర్టు ఫొటో చూశాను. ఆ అంకెలు నాకేం తెలుస్తాయి? పక్క వీధి మందుల షాపాయనకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "థైరాయిడ్ ఇంత పాడైపోయి ఈవిడ ఇన్నాళ్లూ ఇంటిపని ఎలా చేసింది షౌకీ?" అన్నాడు.

…నేనేమన్నానా? ఫోను జేబులో పెట్టుకుని వచ్చేశాను.

…ఒక్కసారి ఇన్‌షిరాహ్‌కి ఇవ్వండి. …పడుకుందా? అయితే లేపొద్దు. వద్దు వద్దు, పడుకోనివ్వండి. …ఏంటీ? పక్కనే ఉందా? వింటోందా?

…

ఇన్‌షిరాహ్?

…

నేనే.

…లేదు, ఏం లేదు. గొంతు ఇంకా బొంగురుగానే ఉందే అని. …ఓ. టైం పడుతుందన్నారా. …రోజుకి ఒక్క మాత్రేనా? …పరగడుపున. …ఎంతుంటుంది? …కందిగింజంత కూడా లేదా!

రెండేళ్లు, ఇన్‌షిరాహ్. కందిగింజంత మాత్ర కోసం రెండేళ్లు.

…

ఎలా కనిపెట్టింది మీ అక్క చూపించిన డాక్టరమ్మ? …చిన్నపిల్లా? …మంచినీళ్లు మింగమని మెడ చూసిందా. …ఊఁ. …"ఇంత ఎండలో ఉన్ని శాలువా ఏంటమ్మా" అందా?

నేనూ అదే అడిగేవాణ్ణి కదా. …అవును. నేను వెక్కిరించడానికి అడిగాను.

…తెలుసు. ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లానని ఊరంతా చెప్పుకున్నాను. తీసుకెళ్లిన మాట నిజమే. కానీ మొదటి డాక్టరు "ఏంటమ్మా బాధ" అని నిన్నడిగితే, నువ్వు నోరు తెరిచేలోపే నేను అందుకునేవాణ్ణి. "వాళ్లమ్మ పోయినప్పట్నించీ దిగులు డాక్టర్ గారూ, తిని పడుకోవడమే." …ఆయన ఇంకేం రాస్తాడు? దిగులుకి మందు రాశాడు.

…చెప్పావా? జుట్టు ఊడిపోతోందని చెప్పావా? …ఆ… గుర్తొచ్చింది. నేనే నవ్వాను. "ఉన్నదంతా నా పరుపుల దుకాణంలో దూదిలో కలిసిపోతోంది" అన్నాను. డాక్టరూ నవ్వాడు.

…

ఇన్‌షిరాహ్, పండగ నాటి మాట కూడా… కహ్క్ బిస్కెట్లు మాడిపోయిన రోజు. పొయ్యి దగ్గర కూర్చునే నిద్రపోయావు. ఇంటినిండా పొగ, హాలునిండా చుట్టాలు. నేనేమన్నాను? "ఊరందరికీ పరుపులు కుడతాను, మా ఇంట్లో మాత్రం కాళ్లున్న పరుపు ఒకటుంది, ఎప్పుడూ పడుకునే ఉంటుంది" అన్నాను. మీ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. నువ్వూ నవ్వావు కదా అని నేను—

…నవ్వలేదా?

…ఏడుపు ఆపుకున్నావా. దగ్గు అనుకున్నారా అందరూ.

…ఊఁ.

…ఆ మర్నాడే మీ అక్క ఇంటికి దమన్‌హూర్ రైలెక్కావు. అలిగావనుకున్నాను. రెండు రోజుల్లో కోపం తీరి వస్తుందిలే అనుకున్నాను.

ఒక్క నిమిషం— దుకాణం మూసేశానమ్మా, రేపు రండి! …కాదమ్మా, ఇవాళ కుదరదు! —ఆ, చెప్పు. …పెళ్లివాళ్లే. దూది ఏకించుకోవడానికి వచ్చారు. …పోతే పోనీ. ఆగుతారులే. ఆరోజు కూడా ఇలాగే ఆగమని ఉంటే—

…

ఏ రోజంటే… అది చెప్పడానికే ఫోన్ చేశాను.

ఇన్‌షిరాహ్, రెండో డాక్టరు గుర్తున్నాడా? ముసలాయన, సముద్రం వైపు క్లినిక్. నిన్ను బరువు చూసుకోమని నర్సుతో పంపాడు చూడు… అప్పుడు నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. రక్తపరీక్ష. "మెడలో గ్రంథి మీద అనుమానంగా ఉంది, ఈ వారంలోనే చేయించు" అన్నాడు.

…

ఉన్నావా?

…అవును. గ్రంథి అన్నాడు. ఇదే. ఇదే జబ్బు.

…నీకు విటమిన్లు చాలన్నాడని చెప్పాను. …అబద్ధమే. …ఎప్పుడా? పద్దెనిమిది నెలలవుతుంది.

…ఎందుకంటే… ఆ వారం ఇద్దరు పెళ్లికూతుళ్ల పరుపులున్నాయి. లాబ్‌కి వెళ్తే తలుపు బయటి దాకా లైను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. తర్వాత… నీకేం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నీకు జబ్బుంటే, నేనన్న మాటలన్నీ ఏమైపోవాలి?

…

చీటీనా? గోధుమరంగు చొక్కా జేబులో ఉండిపోయింది. …ఆ. నువ్వే ఉతికావు. జేబులో కాగితం నానిపోయి బట్టలన్నిటికీ పొట్టు అంటుకుందని నా మీద అరిచావు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

…

ఏడుస్తున్నావా? …నవ్వుతున్నావా? ఇన్‌షిరాహ్, అలా నవ్వకు. తిట్టు. మీ అక్క లాగా తిట్టు.

…ఊఁ. …ఏంటీ? మళ్లీ చెప్పు.

…నిద్ర లేవలేక మూడు అలారాలా? …నాలుగున్నరకి, నాలుగూ నలభైకి, అయిదింటికి. …తలగడ కింద పెట్టుకునేదానివా. నాకు వినపడకూడదని. …నేను లేచేసరికి స్టవ్ మీద టీ ఉండాలని.

…రెండేళ్లూనా?

…

"నాకు పిచ్చెక్కుతోందేమో" అనుకున్నావా. …జబ్బేం లేదని నేనంటుంటే… నీ ఒళ్లే నీతో అబద్ధమాడుతోందనుకున్నావా.

…

వింటున్నాను, చెప్పు. 

 

…

క్షమించమని అడగొచ్చా? …వద్దా. …సరే. అడగను.

…ఆదివారం మళ్లీ డాక్టరమ్మ దగ్గరికా? నేను రానా? పొద్దున్న రైలుకి వచ్చేస్తాను. …బయటే కూర్చుంటాను, బల్ల మీద. …లోపలికి రమ్మంటున్నావా? ఎందుకు? …ఆ చీటీ సంగతి… ఆవిడ ముందు… నేనే చెప్పాలా?

…

చెప్తాను.

…ఆ ఒక్క ముక్కే. మిగతా ఏమడిగినా నోరు తెరవను. …నన్నే చూసి అడిగితే? …"ఆమెనే అడగండి" అంటాను. …ఊఁ. అంతే.

…మరి తర్వాత ఇంటికి… …సరే. సరే, అదీ అడగను.

…ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. ఇంకా చెప్పు. ఈసారి అడ్డు రాను. అసలు ఎప్పుడు మొదలైందో, ఏ రోజు మొదట తెలిసిందో… చెప్పు, వింటాను.

…

ఇన్‌షిరాహ్?

…

హలో? …పెట్టేశావా?