మా షెడ్డులో నారింజ టోపీ

ఏయ్, ఆ టోపీ ముట్టుకోమాక. దుమ్ము పట్టిందా? పట్టనీ. ఆ దుమ్ము కూడా మీ తాతదే. ఆర్విడ్ బతికుండగా దాన్ని ఎవరూ దులపలా, వాడు పోయాక నాకు దులపబుద్ధి కాలా. కూర్చో కెల్సీ, ఆ బకెట్టు బోర్లేసుకుని కూర్చో. ఏందీ, మళ్ళీ చెప్పు? టికెట్లు రెండున్నయ్యా. మా హార్లోకీ మీ మార్స్‌డెన్‌కీ ఇయ్యాళ జరిగేదే ఆఖరాట, పోదాం రా తాతయ్యా అంటావ్. బానే ఉంది. సీట్లెక్కడ? ... మార్స్‌డెన్ వైపా! మీ తాత కూర్చునే సీట్లోనా! అమ్మా తల్లీ, నాకు డెబ్బై తొమ్మిదొచ్చినయ్. యాభై ఏళ్ళుగా ఆ ఆకుపచ్చ కోటేసుకుని హార్లో వైపు కూర్చున్నోణ్ణి. మా ఆవిడ ఇర్మా, పాపం, బజార్నించి గుమ్మడికాయ తెస్తే ఆ రంగు నా కంట పడనీకు, వాకిట్లోనే కోసుకురా అనేవాణ్ణి. అట్టాంటోణ్ణి తీసుకుపోయి ఆ నారింజ మందలో కూర్చోబెడతావా? పళ్ళు రాలేదాకా నవ్వుతారు నన్ను చూసి. అయినా నా ఈడోళ్ళకి రాలడానికి పళ్ళెక్కడున్నయ్‌లే.

అసలు ఆఖరాటేంది, చోద్యం కాకపోతే! మన ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ అంటే ఎనిమిది కాలేజీలు. పొద్దున్నే కారు తీస్తే ఏ ఊరోడి స్టేడియానికైనా మధ్యాహ్నానికల్లా చేరొచ్చు. అందరూ అందరితో ఆడతారు, ఎక్కువ గెలిచినోడిదే టైటిల్. అయిపాయె. దానికి కంప్యూటర్లు అక్కర్లా, కమిటీలు అక్కర్లా, ఎక్కడో పైకప్పున్న స్టేడియంలో మళ్ళీ ఫైనలనీ అక్కర్లా. ఇప్పుడు టీవీవోళ్ళు పిలిచారని మీవాళ్ళు పెద్ద కాన్ఫరెన్స్‌లోకి పోతన్నారు. అందులో పద్దెనిమిది జట్లంట! సముద్రం పక్కనుండేవోడి మీద ఆడ్డానికి విమానమెక్కాలంట! వాణ్ణేమని తిడతావే నువ్వు? వాడి గురించి ఏం తెలుసనీ? పగోడంటే పక్కనోడై ఉండాల. వాడి గట్టూ మన గట్టూ ఒకటై ఉండాల. వాళ్ళ నాన్న మీ నాన్న దగ్గర ట్రాక్టరు అడుక్కుపోయి తిరిగివ్వకుండా ఉండాల. ముక్కూ మొహం తెలీనోడి మీద పగేంది, అది పగా? కాలక్షేపం. నువ్వు నవ్వు, నవ్వు. ఇంకో పదేళ్ళకి నువ్వే వచ్చి అవును తాతయ్యా అంటావ్. అప్పటికి నేనుంటే గదా.

ఈ ఏడు లెక్క నాకు తెలవదనుకుంటన్నావా? ఇయ్యాళ గెలిస్తే టైటిల్ మార్స్‌డెన్‌ది. ఓడితే ఫెయిర్‌బర్న్‌వోళ్ళు ఎగరేసుకుపోతారు. మా హార్లో సంగతంటావా, మాదెప్పుడో కొండెక్కింది. ఆ కోచ్ ఉన్నాడే, మూడో ప్రయత్నానికి గజం దూరం పోవాల్సొస్తే, గజమంటే గజం, బంతి ఇరవై గజాలవతలికి విసరమంటాడు. సరే అది ఒదిలెయ్. మాకు టైటిల్ రాదు గానీ, మీ టైటిల్ చెడగొట్టే భాగ్యం మా చేతిలో ఉంది. ఓడిపోయిన ఏడాదిలో ఇంతకంటే విందుభోజనం ఏముంటది చెప్పు? అట్టాంటి ఆటని మీ వైపు కూర్చుని చూడమంటన్నావ్. న్యాయమేనా?

మీ తాతకైతే ఈ బాధే ఉండేది కాదు. వాడికి సిగ్గనేది తెలవదు. నీకు వాణ్ణి చూసిన గురుతుండదు, వాడు పోయేనాటికి నువ్వు డైపర్లలో ఉన్నావ్. ఎట్టాంటోడంటే, మార్స్‌డెన్ గెలిచిన మర్నాడు, ఆదివారం, ఇంకా కోళ్ళు లేవకముందే ఫోను మోగేది. ఎత్తితే హలో లేదు, నేనని లేదు, వాళ్ళ కాలేజీ పాట మొదలెట్టేవాడు. గొంతు చూస్తే బురదలో ఇరుక్కున్న దూడ. మొదటి చరణం, రెండో చరణం, మళ్ళీ మొదటి చరణం. పెట్టేద్దామంటే ఇర్మా, 'పాపం పాడనీ, వాళ్ళు గెలిచేదే ఎప్పుడో ఒకసారి' అనేది. అది ఫోన్లో వాడికి వినపడాలనే గట్టిగా అనేది లే. తక్కువదేం కాదు అది కూడా. పొద్దున అట్టా పాడినోడు మధ్యాహ్నం ఏ బోల్టో కావాలని ఇదే షెడ్డులోకొచ్చి డబ్బాలన్నీ కెలికేవాడు, ఏం జరగనట్టు. మేం ఓడించినప్పుడు నేనేం చేసేవాణ్ణంటావా? వాళ్ళ పోస్టు డబ్బాకి రాత్రికి రాత్రి ఆకుపచ్చ రంగు... ఆఁ, ఎవరు చెప్పారు నీకు? మీ నానమ్మేనా? ఆవిడకన్నీ గుర్తే.

సరే, టోపీ సంగతడిగావ్ గదా. ఆ ఏడు, ఇట్టాగే నవంబరు, గాదె మీదెక్కా. నిచ్చెన మెట్టు మీద మంచు పేరుకుని ఉంది, చూసుకోలా. కాలు జారింది. తొడ ఎముక ఇరిగింది. ఆస్పత్రిలో కాలు పైకెత్తి తాడుతో బరువులు కట్టి పడుకోబెట్టారు, కసాయి కొట్లో మేకపిల్లలాగా. పొలం నిండా మొక్కజొన్న నిలబడి ఉంది. వానల మూలాన అప్పటికే కోత ఆలస్యం. అంతకుముందు రెండేళ్ళూ పంట సరిగా లేదు, ఆ పంట కూడా పోతే పొలమే పోయేట్టుంది, ఉన్నమాట చెప్తన్నా. రేడియోలో ఏమో ఆదివారం పెద్ద మంచు, శనివారం దాకా పొడి అన్నాడు. శనివారం! ఆ శనివారం ఏందో తెలుసా? హార్లో, మార్స్‌డెన్, రెండూ సరిసమానంగా ఉన్నయ్. ఆఖరాట. గెలిచినోడిదే టైటిల్. మా తరంలో అట్టాంటిది ఎన్నడూ రాలా. పెళ్ళి ఆ రోజు పెట్టుకున్న ఒకడైతే పెళ్ళే వాయిదా ఏసుకున్నాడు. పెళ్ళికూతురే ఏయించిందిలే, ఆ పిల్లది మార్స్‌డెన్.

బుధవారం చర్చిలో అందరూ కలిసి భోంచేస్తారు గదా, బీన్సూ మాంసం ఏసిన చిల్లీ పులుసు, దాల్చినచెక్క రొట్టెలు. అక్కడ లేచింది నా మాట. ఇదంతా ఇర్మా చెప్తేనే తెలిసింది నాకు. పొలం సంగతేందని పాస్టరుగారు అడిగితే అందరూ రొట్టెల వంక చూశారంట. మా హార్లోవోళ్ళే, నాతో ఇరవై ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్నోళ్ళే! ఒకడేమో, 'సోమవారం చూద్దాంలే, మంచు అంత పడదేమో' అంటాడు. ఇంకోడు, 'అసలు వెర్నన్ ఉంటే వాడే మనల్ని ఆటకి పొమ్మనేవాడు' అంటాడు. నిజం చెప్పాలంటే వాళ్ళనేం అనలేం. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన ఆట. నేనైతే నేనూ రొట్టె వంకే చూసేవాణ్ణేమో. అప్పుడు లేచాడంట మీ తాత. ఈ టోపీతోనే. చర్చిలో టోపీ తియ్యాలనే గ్యానం కూడా లేనోడు. 'వెర్నన్ ఎంత దరిద్రుడో నాకంటే మీకెవరికీ తెలీదు. వాడు హార్లోవోడు. వాడి కుక్క కూడా హార్లో కుక్కే, నన్ను చూస్తే మొరుగుద్ది. కానీ మంచు పడితే ఆ కంకులన్నీ నేలపాలవుతయ్. నేలన పడ్డ కంకికి హార్లో లేదు, మార్స్‌డెన్ లేదు. శనివారం తెల్లారేసరికి నా కోత మిషన్ వాడి పొలంలో ఉంటది. హార్లోవోళ్ళు మీరు ఆటకి పొండి, ఏం పర్లా. మీ మనిషి పంట మార్స్‌డెన్ వాడు కోశాడని మా మనవలు మీ మనవలకి చెప్పుకుంటారు, అంతే గదా' అన్నాడంట. అని కూర్చుని ఇంకో రొట్టె తీసుకున్నాడంట. ఇంకేముంది! పుండు మీద కారం చల్లినట్టయింది. మా ఆకుపచ్చోళ్ళంతా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచారు. వాళ్ళని చూసి నారింజోళ్ళు. మీ తాత టికెట్లు రెండూ ఎవరికో కుర్ర జంటకిచ్చేశాడు. 'హార్లోవోళ్ళకి మాత్రం ఇవ్వను, సీటు కంపు కొడుద్ది' అన్నాడంట. ఆ సీటే. నువ్విప్పుడు రమ్మనే సీటే.

నాకేం తెలుసు ఇదంతా? ఇర్మా చెప్పలా. చెప్తే మంచం మీంచి తాళ్ళు తెంపుకుని వస్తానని దాని భయం. శనివారం పొద్దున్నుంచీ ఆస్పత్రిలో నేనూ నా రేడియో. ఇర్మా రాలా. ఎవడూ రాలా. మీ తాత ఆ వారంలో ఒక్కసారి కూడా తొంగిచూడలేదని కడుపు మండిపోతంది. నర్సుతో చెప్తన్నా, 'మా పక్క పొలం వాడొకడున్నాడమ్మా, ఆర్విడ్ లుండ్ అని, ఇప్పుడు స్టేడియంలో కూర్చుని గొంతు చించుకుంటా ఉంటాడు, నేను చచ్చానో బతికానో కూడా వాడికి పట్టదు.' ఆ పిల్ల ఏదో మందిచ్చి, మీరు కొంచెం పడుకోండి అంది. ఆటేమో నిమిషానికోరకంగా పోతంది. ఆఖర్లో రెండు పాయింట్లు వెనక ఉన్నాం. మావాడు గోలుకి తన్నాడు. రేడియోవోడు 'పోయింది... పోయింది... స్తంభానికి తగిలింది!' అన్నాడు. తగిలి బయటికి పోయింది కెల్సీ. బయటికి. నేను గోడవైపు మొహం తిప్పుకున్నా. మార్స్‌డెన్‌కి టైటిల్. ఇంక ఆర్విడ్ గాడు ఫోన్లో జన్మంతా పాడతాడు అనుకున్నా.

చీకటి పడతా ఉంటే తలుపు తెరుచుకుంది. వాడే. ఈ టోపీ, ఈ నవ్వు. నేనన్నా, 'రా, ఏడిపించుపో. స్టేడియం నించి నేరుగా వచ్చావా?' వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు చూశా. చెవుల్లో పొట్టు. కనుబొమల నిండా పొట్టు. చొక్కా మీద మొక్కజొన్న పొడి. గదంతా కోత వాసన. నవంబర్లో స్టేడియంలో కూర్చున్నోడికి చెవుల్లో పొట్టెట్టా వస్తదే? 'పంట పొడిగానే ఉంది వెర్నన్. మొత్తం గాదెలో పడింది. ఆ నిచ్చెన మెట్టు కూడా మార్చా, ఈసారి పడితే వేరే సాకు ఎతుక్కో' అన్నాడు. మనూళ్ళో మగోళ్ళకి థాంక్స్ చెప్పడం రాదు, నీకు తెలుసుగా. చివరికేమన్నానంటే, 'ఆట వినలేదా?' అన్నా. 'వినకేం, మిషన్లన్నిట్లో రేడియోలే. మేం కొడితే మా హారన్లు, మీరు కొడితే మీ హారన్లు. నీ ఆవులు పాలివ్వడం మానేస్తే నన్నడక్కు' అన్నాడు. 'ముప్పై ఏళ్ళకొచ్చిన టైటిల్ కదరా, కళ్ళతో చూసుకోలేదే' అన్నా. 'రేడియోలోనే బాగుంది, పక్కన ఎవడి ఏడుపు మొహం లేదు' అన్నాడు. అని ఈ టోపీ తీసి నా దుప్పటి మీద పడేశాడు. 'కోత కూలి ఇదీ. దీన్ని నీ షెడ్డులో మేకుకి తగిలించాల. దులపకూడదు, తియ్యకూడదు. మార్స్‌డెన్ మళ్ళీ టైటిల్ కొట్టే ఏడు నేనే వచ్చి తీసుకుని పెట్టుకుపోతా. ఈసారి కళ్ళతోనే చూస్తా' అన్నాడు. 

ఇంటికొచ్చి చూస్తే ఏముందీ! రోడ్డు పక్క చెక్కలో మొక్కలు కొన్ని కొయ్యకుండా ఒదిలేశాడు. ఎట్టా ఒదిలాడంటే, నడి పొలంలో ఇంత పెద్ద 'ఎమ్' అక్షరం. మార్స్‌డెన్ ఎమ్! దారిన పోయేవోళ్ళు కార్లాపి ఫొటోలు తీసుకునేవోళ్ళు. నేనేమో కట్టుతో కిటికీ పక్కన కుర్చీలో, చలికాలమంతా అదే చూస్తా కూర్చోవాల. జింకలొచ్చి ఒక కాలు తిన్నయ్, అయినా ఎమ్మే. ఇర్మా వాడికి ఆపిల్ ముక్కలు పెట్టి 'పై' కాల్చి, దాని మీద కత్తితో 'హెచ్' అని గీసి పంపింది. వాడు ఆ గీత ఉన్న ముక్క ఒక్కటీ కుక్కకేసి మిగతాది తిన్నాడంట.

ఆ తర్వాత మార్స్‌డెన్ టైటిల్ కొట్టిందే లేదు. ప్రతి ఏడూ ఆగస్టులో వచ్చి ఈ మేకు వంక చూసేవాడు, 'ఈ ఏడు దిగుద్ది చూడు' అని. దిగలా. నాకూ సంతోషమే అనుకో, ఆకుపచ్చోణ్ణి గదా. తర్వాత ఒక వసంతంలో, విత్తనాలప్పుడు, ట్రాక్టరు మీదే... అది నీకు తెలుసులే. పెట్టెలో వాడికి వేరే టోపీ పెట్టారు, కొత్తది. నేను దీన్ని పట్టుకుపోదామా అనుకున్నా. కానీ వాడి షరతు అది కాదుగా. టైటిల్ కొట్టాలి. అప్పుడే దిగాల. ఇదిగో, నాకిప్పుడు ఈ పొలం ఉంది, ఈ షెడ్డుంది, నువ్వు బోర్లేసుకున్న ఆ బకెట్టుంది. వాడు ఆ శనివారం స్టేడియానికి పోయుంటే ఇందులో ఏ ఒక్కటీ ఉండేది కాదు. ఆ సీటు ఒక టైటిల్ చూడాల్సింది. నా పంట మూలాన చూడలా.

ఏందట్టా చూస్తావ్? కంట్లో నలకపడింది, షెడ్డంతా పొట్టేగా. ఎన్నింటికి ఆట? ... మరి ఇప్పుడా చెప్పేది! ఆ కోటందుకో. కాదు, ఆకుపచ్చదే. రంగు మార్చే ప్రసక్తే లేదు. మూడు క్వార్టర్లూ హార్లోకే అరుస్తా, మీవోళ్ళు కొడితే కొట్టమను. నాలుగో క్వార్టర్లో ఒకవేళ, ఒకవేళ అంటన్నా, మీవాళ్ళే గెలిచేట్టుంటే చప్పట్లు మాత్రం కొట్టను. లేచి నిలబడతా. మోకాళ్ళు పట్టేసి లేచాడనుకుంటార్లే.

ఆ టోపీ ఇట్టా తే. అబ్బా, దులపమాక అన్నానా! నెత్తిన పెట్టుకోను, పిచ్చా నాకు? ఒళ్ళో పెట్టుకుంటా. దానిక్కూడా కనపడాలిగా.

తలుపు దగ్గరకెయ్యి, పిల్లి దూరుద్ది. దాల్చినచెక్క రొట్టెలు ఏ కొట్లో కొందాం?