శనివారం పోయే ఫ్యూజు

బాన్సువాడ బస్టాండు దాటాక సంపత్ కారు స్టీరియోల దుకాణం. ఆదివారం పొద్దున. బానెట్ ఎత్తిన కారు ముందు సంపత్, కారు యజమాని సహజ. వెనక సీట్లో ఆమె నాయనమ్మ గంగాబాయి, ఒళ్లో బీడీల చాటతో, ఏమీ ఎరగనట్టు.

"మల్ల పోయిందా?"

"మల్ల పోయింది సంపతన్నా. గిది మూడో ఫ్యూజు. నీ పనిల్నే ఏదో తప్పున్నది."

"నా పనికి వంక పెట్టకు సహజా. కంపెనీ స్టీరియోకు సప్పుడు పెంచే ఆంప్ తగిలించే జాగనే ఉండదు. స్పీకర్ల తీగలకెల్లి పాట తీసి, నడుమ చిన్న కన్వర్టర్ పెట్టి ఆంప్‌కు ఇచ్చిన. కంపెనీ తీగ ఒక్కటి కోయలే. కరెంటు బ్యాటరీకెల్లి సీదా. ఎర్త్ సీటు బోల్టు కాడ, రంగు గీకి మరీ బిగించిన."

"మరెందుకు పోతుంది?"

"ఏ దినం పోయింది?"

"నిన్న. శనివారం."

"అంతకుముందు?"

"గదీ శనివారమే. ఆగు, మొదటిది గూడ శనివారమే."

"ఫ్యూజుకు వారాలు తెల్వయి కదా."

"ఫ్యూజుకు తెల్వయి. మా ఇంట్ల తెలిసినోళ్లున్నరు. అవ్వా."

"ఊ."

"నిన్నే."

"కట్టలు కడుతున్న. నన్ను మాట్లాడియ్యకు."

"శనివారం పొద్దుగాల కారు కాడ నీకేం పని?"

"కడిగిన."

"కారు నేను కడుగుత, ఆదివారం."

"ఐతే తుడిచిన."

"ఇంటున్నవా అన్నా. ఆంప్ పెట్టిన దినంకెల్లి గిదే మొఖం. చెవుల్ల దూది పెట్టుకొని కూసుంటది. గుండె దడదడమంటుందట, బీడీ ఆకు చేతిల నిలుస్తలేదట."

"నిలుస్తలేదు. అబద్ధమా?"

"బిచ్కుంద బ్యాంకు కొలువుల పొద్దంత మంది లొల్లి ఇని ఇని, తొవ్వల నాకు నచ్చిన పాట ఇంటనవ్వా. గదొక్కటే నాది. గదీ వద్దంటే ఎట్ల?"

"నేను వద్దన్ననా?"

"నోటితోని అనలే. చేతితోని అంటున్నవ్. తీగలు గుంజుతున్నవ్ గదా?"

"నేనేమెరుగ బిడ్డా."

"అన్నా, తీసెయ్."

"ఏంది తీసేది?"

"ఆంప్. అంత ఇప్పెయ్. బీడీలు సుట్టి నన్ను సదివిచ్చింది. ఆమె నా కారుల మంచిగ కూసోకుంటే గా పాట నాకెందుకు?"

"మల్ల ఆలోచన చేస్కో."

"చేసిన. నాకు ఏడుపొస్తుంది, జల్ది తీయ్."

"సరే, నీ ఇష్టం. ఆంప్ ముందటి సీటు కిందున్నది, సీటు జరుపుత... ఆగు. కింద ఏదో ఉన్నది. మెత్తగ తాకుతుంది."

"ఎలుకనా?"

"ఎలుకకు మిరపకాయలుంటయా? గిదేంది. నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గు, అన్నీ ఇనుప తీగకు గుచ్చి ఉన్నయి. తీగ ఒక కొస ఆంప్‌కు కరెంటొచ్చే ఎర్ర స్క్రూకు, ఇంకో కొస సీటు ఇనుముకు. ఇగ ఫ్యూజు పోకుంట ఉంటదా."

"అవ్వా."

"నిమ్మకాయ ఎట్లున్నది సంపతూ? మాడిందా?"

"నల్లగ మాడింది అవ్వా."

"సూసినవా. పోయిన వారంది గిట్లనే మాడితే తీసి పారేసిన, అంతకుముందుది గూడ. సుడుతుంటే నిప్పురవ్వ లేస్తుంది. గంత దిష్టి. గందుకే ఈసారి దొడ్డు తీగ పెట్టిన."

"అది దిష్టి కాదవ్వా, కరెంటు. దారంతోని కట్టొద్దా? ఇంటినిండ బీడీల దారమే గదా."

"మొదలు దారమే కట్టిన. గా డబ్బ దడకు తెగిపాయె."

"నీకు గా డబ్బంటేనే పడది. దానికి దిష్టి నిమ్మకాయ ఎందుకు?"

"డబ్బకెవలు కట్టిండ్రే? నీకు కట్టిన."

"నాకా?"

"నువ్వు సందులకు రాంగనే గా సప్పుడుకు వాడకట్టంత తలుపులు తీస్తది. గంగాబాయి మనుమరాలు కారుల వస్తుందని బయట నిలవడి సూస్తరు. గంతమంది కండ్లు పడుతుంటే నిమ్మకాయ కట్టకుంట ఎట్లుంట?"

"మరి చెవుల్ల దూది?"

"దూది నా చెవులకు. వాళ్లకు కాదు గదా."

"ఇగ చెప్పుండ్రి, తీసెయ్యాల్నా, ఉంచాల్నా?"

"తీస్తే నీ చెయ్యి ఇరగ్గొడ్త సంపతూ. ఇంకింత సప్పుడు పెంచే ఉపాయముంటే చెప్పు. వెనుక సందోళ్లకు ఇంక ఇనవడ్తలేదు."