ఒళ్లు విదిలించని మేక

"నా బిడ్డ పొద్దుగూకంగ మేకకు పుస్తకం చదివి వినిపిస్తదట సారూ. చదివినంత సేపు అది మేత ముట్టదట. పక్కింటి రేఖ తండా అంత చెప్పుకుంట తిరుగుతున్నది."

గాంధారి దిక్కు తండా నుంచి వచ్చిన ఆ తల్లి మాటకు కామారెడ్డి గ్రంథాలయం సారుకు నవ్వొచ్చింది.

"మంచిదే కదమ్మా! నేనిచ్చిన పుస్తకమే అది. అందుల పిల్ల దేవుణ్ణి నమ్ముకొని, జబ్బుపడ్డ మేకను బతికించుకుంటది."

"మాది జబ్బు మేక కాదు. వానల కోసం మేరామ తల్లికి మొక్కిన మేక."

"మరి కోయలేదా?"

"నీళ్లు చల్లితే మేక ఒళ్లు విదిలియ్యాలె. అప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. ఎన్ని నీళ్లు చల్లినా అది కదల్లే. తాడు పట్టుకున్న నా బిడ్డ ఒళ్లు విదిలించింది."

సారు నవ్వు ఆగిపోయింది.

"భయపడి ఉంటది."

"కత్తి ఎత్తకముందే వాన పడ్డది సారూ. మేకను ఇంటికి తోలుకొచ్చినం. అప్పటిసంది అది బిడ్డ దిక్కే చూస్తున్నది."

ఆయన గబగబా బీరువాలోంచి ఇంకో పుస్తకం తీశాడు.

"ఇది తీసుకపో. ఎన్ని కష్టాలొచ్చినా ఇందుల పిల్ల ధైర్యం విడువదు. ఆఖరికి దేవతే కరుణించి అక్కున చేర్చుకుంటది."

"గది వద్దు. దేవత పిల్లను మరిచిపోయే పుస్తకముంటే ఇయ్యి సారూ."