గెలిచే ఆట

భీమవరంలో బాలల చెస్ పోటీ జరుగుతున్న కాలేజీ మెట్ల మీద, కూతురు బయటికి రాగానే తండ్రి విసుక్కున్నాడు.

“గెలిచే ఆటని డ్రా చేసుకొస్తావేంటే? ఏనుగుని జరిపితే అయిపోయేది కదా!”

“నేను గుర్రాన్ని పట్టుకోబోయాను నాన్నా. మీరు దగ్గారు. అప్పుడు తెలిసింది, ఏనుగని.”

“గొంతు గరగరలాడితే దగ్గకూడదా?”

“పొద్దుటి ఆటలోనూ అంతే. నేను తప్పు ఎత్తు వేయబోయినప్పుడల్లా దగ్గారు. ఇందాక ఎదురుగా ఆడుతున్న అమ్మాయి మీ వంకే చూసింది. సిగ్గేసి నేనే డ్రా అడిగాను.”

“స్టేట్ టీమ్‌లో చోటు చేజారిపోయేలా ఉందే, పిచ్చిదానా!”

“పోతే పోనీండి. రేపు మీరు లోపలికి రాకండి.”

“ఓడిపోతేనో?”

“నేనే ఓడతాను కదా నాన్నా.”

మర్నాడు తండ్రి కాలేజీ గేటు దగ్గరే ఆగిపోయాడు.